గేరు ఎందుకు తన్నుతుంది

"గేరు పడేటప్పుడు బండి తన్నుతోంది మేస్త్రీగారూ, కాస్త మెత్తగా చేసిపెట్టండి." ఆటోమేటిక్ కారు వేసుకొచ్చిన వాళ్లు చాలామంది ఇలాగే అడుగుతారు. అడిగినట్టే చేసిపెట్టడం కష్టమేమీ కాదు. పాత బండైతే ఒక స్క్రూ సడలించినా, ఒక కేబుల్ వదులు చేసినా లోపల ఆయిల్ ప్రెజరు పడిపోతుంది. కుదుపు మాయమవుతుంది, యజమాని సంతోషంగా వెళ్తాడు. కొన్నాళ్లకు అదే బండి మరో బండి మీద ఎక్కి వస్తుంది, క్లచ్ ప్లేట్లు బొగ్గయిపోయి. అలా వచ్చిన బళ్లను చాలా చూశాను. గేరు మెత్తబడాలన్న కోరికలో తప్పేం లేదు. దానికి అడ్డదారి పట్టడమే తప్పు. తన్నుడుకు ఒక కారణం ఉంటుంది. అది దొరికి, సరయితే మెత్తదనం వెనకే వస్తుంది.

నా పని విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సుల దగ్గర మొదలైంది. ఆటోమేటిక్‌ను విప్పి చూసింది మాత్రం కువైట్‌లో. 1980లలో గల్ఫ్ రోడ్ల మీద పెద్దపెద్ద అమెరికన్ కార్లదే రాజ్యం. షెవర్లే కాప్రీస్‌లు ఎక్కడ చూసినా కనిపించేవి. కడప నుంచి, కరీంనగర్ నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు అక్కడి షెడ్లలో ఈ విద్య పట్టారు. నేను తిరిగొచ్చేసరికి మన దగ్గర ఆటోమేటిక్ అంటే డబ్బున్నవాళ్ల బండి. ఇవాళ హైదరాబాద్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక, ఆఫీసుకెళ్లే ఆడపిల్లల దగ్గర్నుంచి రిటైరైన మాస్టార్ల దాకా అందరూ అదే కొంటున్నారు. వాళ్లకూ, వాళ్ల బళ్లు చూసే కుర్ర మెకానిక్కులకూ పనికొస్తాయని ఈ పాఠాలు రాస్తున్నాను.

1. లోపల ఏం జరుగుతోందో తెలిశాకే చెయ్యి పెట్టాలి

ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న అసలుసిసలు ఆటోమేటిక్‌లో పళ్లచక్రాలు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి కలిసే ఉంటాయి. ఏ చక్రాన్ని తిరగనివ్వాలి, దేన్ని పట్టి ఆపాలి అన్నదాన్ని బట్టే గేరు మారుతుంది. పట్టే పని క్లచ్ ప్లేట్ల కట్టలది, కొన్ని పెట్టెల్లో ఇనుప బ్యాండ్లది. వాటిని నొక్కే బలం ఆయిల్ ప్రెజరుది. ఒకటో గేరు నుంచి రెండుకు వెళ్లడమంటే ఒక కట్ట వదిలేస్తూ ఉండగా ఇంకో కట్ట అందుకోవడం.

కావిడి మోసేవాడు నడుస్తూనే ఒక భుజం మీంచి రెండో భుజానికి బద్దను మార్చుకుంటాడు, చూశారా? ఆ క్షణంలో బరువు ఏ భుజానికీ లేకపోతే కుండలు కింద పడతాయి. మెడ మీద బిగుసుకుపోతే నడక ఆగిపోతుంది. గేరు మార్పూ అంతే. రెండు కట్టలూ ఒకేసారి బిగిస్తే బండి కుదుపుతో తన్నుతుంది. రెండూ వదిలేస్తే ఇంజన్ ఒక్కసారిగా రేజ్ అయి, ఆ తర్వాత గేరు ధబ్బున పడుతుంది. ఈ రెండూ యజమానికి ఒకేలా అనిపిస్తాయి. మెకానిక్కుకు అనిపించకూడదు. టాకోమీటరు ముల్లు మీద కన్నుంచి నడిపితే తేడా తెలిసిపోతుంది: ముల్లు లేవకుండానే తన్నిందంటే ప్రెజరు ఎక్కువైనట్టు, లేచి పడి తన్నిందంటే పట్టు తక్కువైనట్టు. మొదటిదానికి చేసే వైద్యం రెండోదానికి విషం.

ప్లేట్లు ఒక్కసారిగా కరుచుకోకుండా ఉండటానికి లోపల అక్యుములేటర్లు ఉంటాయి. స్ప్రింగు, పిస్టన్ ఉన్న చిన్న సిలిండర్లు అవి. క్లచ్‌కు వెళ్లే ఆయిల్‌లో కొంత వాటిలోకి మళ్లి స్ప్రింగును నొక్కుతుంది, ఆలోపు ప్లేట్లు కాస్త జారుతూ పట్టుకుంటాయి. ఆ కాస్త జారుడే మీకు తెలిసే మెత్తదనం. అది సెకనులో కొంత భాగమే ఉండాలి. ఎక్కువైతే వేడి, వేడి ఎక్కువైతే మాడిన వాసన.

2. మెత్తదనానికి ఖరీదు ఉంది

ఇది కొత్త సంగతి కాదు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో పెట్టిన హైడ్రామాటిక్ ప్రపంచంలో పెద్దఎత్తున అమ్ముడైన మొదటి పూర్తి ఆటోమేటిక్. నాలుగు గేర్లు. గేరు మారినప్పుడల్లా కూర్చున్నవాళ్లకు తెలిసేది. అయినా గట్టి పెట్టె. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం దాన్ని ఎం5 స్టూవర్ట్ ట్యాంకుల్లో వాడింది. కుదుపే లేని బండి కావాలన్నవాళ్ల కోసం బ్యూక్ 1948లో డైనాఫ్లో తెచ్చింది. మామూలుగా నడిపేటప్పుడు అందులో గేరు మారేది కాదు, పనంతా టార్క్ కన్వర్టర్ చూసుకునేది. పట్టులా సాగేది. కానీ ఇంజన్ శక్తి ఆయిల్‌ను చిలకడంలోనే చాలా పోయేది, పికప్ మందం, పెట్రోలు ఖర్చు. 1964 మోడళ్లకు వచ్చేసరికి బ్యూక్ కూడా గేర్లు మారే పెట్టెలకే వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు పనీ అమెరికాలో ఉంది. ట్రెయిలర్లు లాగేవాళ్లు, రేసుల్లో నడిపేవాళ్లు షిఫ్ట్ కిట్లు కొని వేయిస్తారు. ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వ్ బాడీలో స్ప్రింగులు, రంధ్రాలు మార్చి గేరు ఇంకా గట్టిగా పడేలా చేస్తాయవి. ప్లేట్లు తక్కువ జారితే తక్కువ వేడెక్కుతాయని వాళ్ల లెక్క, ఆ లెక్క నిజమే. కాబట్టి కాస్త గట్టిగా గేరు పడే బండి మొదటినుంచీ అలాగే ఉంటే, దాన్ని అలాగే ఉండనివ్వండి. నిన్నటిదాకా మెత్తగా పడి ఇవాళ తన్నే బండే వైద్యం అడిగేది.

3. పానా తీసేముందు నోరు తెరవాలి

ఎప్పట్నుంచి? చల్లటి ఇంజన్‌లోనా, వేడెక్కాకా? ఒకటి నుంచి రెండుకా, అన్ని గేర్లకా? ఎక్కేటప్పుడా, ఆగేటప్పుడు కిందికి దిగే గేర్లకా? 'పి' లోంచి తీసేటప్పుడా? ఈ మధ్య బ్యాటరీ మార్చారా, ఆయిల్ పోయించారా, గుద్దుకున్నారా? ఈ ప్రశ్నలకు జవాబులు వస్తే సగం పని అయిపోయినట్టే. పొద్దున మొదటి రెండు మూడు గేర్లు బిరుసుగా పడి తర్వాత సర్దుకుంటే ఆయిల్ చిక్కదనం. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక చెడితే సీళ్లు, అరిగిన వాల్వులు, పల్చబడ్డ ఆయిల్. ఒక్క గేరుకే తన్నితే ఆ గేరు అక్యుములేటరో, ఆయిల్‌ను కరెంటుతో నడిపే సోలెనాయిడో. అన్ని గేర్లకూ తన్నితే మెయిన్ ప్రెజరు.

చాలాసార్లు జబ్బు బండిలో ఉండదు, నడిపే తీరులో ఉంటుంది. అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద బండి ఆపి నేరుగా 'పి'లో పెట్టి కాలు తీసేస్తారు. బండి బరువంతా గేర్‌బాక్స్ లోపలి చిన్న ఇనుప కొక్కెం మీద పడుతుంది. పొద్దున లివర్ లాగితే 'ఠాప్' మని చప్పుడు, బండి మొత్తం అదురుతుంది. బ్రేకు తొక్కి ఉంచి 'ఎన్'లో పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి, కాలు తీసి బరువు హ్యాండ్‌బ్రేక్ మీద కూర్చోనివ్వండి. ఆ తర్వాతే 'పి'. ఖర్చు లేని వైద్యం ఇది. అలాగే బండి వెనక్కి పోతూ ఉండగానే 'ఆర్' నుంచి 'డి'కి లాగడం, 'డి'లో పెట్టిన క్షణంలోనే యాక్సిలరేటర్ తొక్కడం కూడా ఇలాంటి చెడ్డ అలవాట్లే. గేరు పట్టుకోవడానికి ఒక్క సెకను ఇవ్వాలి. పట్టుకున్నట్టు బండి చిన్నగా ముందుకు ఒరుగుతుంది, అది తెలిశాకే తొక్కాలి.

తిరుమల కొండ దిగేటప్పుడు లో గేరులో రావాలి, బ్రేకులు కాపాడుకోవాలి. అక్కడ గేరు దిగినప్పుడు ఇంజన్ పట్టి లాగడం సహజం. అది కూడా మెత్తగా ఉండాలంటే ముందు బ్రేకుతో వేగం తగ్గించి, తర్వాత లివర్ కిందికి లాగండి.

4. తన్నేది గేర్‌బాక్స్ కాకపోవచ్చు

బానెట్ ఎత్తండి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి 'ఆర్', 'డి' మార్చి మార్చి పెట్టాలి. బండి ముందు ఎవరూ నిలబడకుండా మీరు పక్కనుంచి ఇంజన్‌ను చూడండి. అది లేచి పడుతుంటే మౌంటింగ్ రబ్బరు తెగింది. గేరు మామూలుగానే పడుతోంది, ఇంజనే దూకుతోంది. కొన్ని వేల రూపాయల మౌంటింగ్‌తో పోయేదానికి గేర్‌బాక్స్ దించి అసెంబ్లీ చేయించుకున్నవాళ్లు ఉన్నారు. నాకు ఇప్పటికీ కడుపు మండే సంగతి అది.

తర్వాత ఐడిల్. ఇంజన్ ఐడిల్ ఎక్కువ ఉంటే 'డి'లో పెట్టగానే ధడేల్‌మంటుంది. థ్రాటిల్ బాడీలో మసి పేరుకున్నా, ఇన్‌టేక్ పైపులో గాలి లీకున్నా, ఏసీ వేసినప్పుడు ఐడిల్ సరిగ్గా కుదురుకోకపోయినా ఇదే. ఒక సిలిండర్ మిస్ అవుతుంటే నడుస్తున్నప్పుడు వచ్చే కుదుపును జనం గేరు కుదుపనుకుంటారు. ప్లగ్గులు, కాయిళ్లు చూడకుండా గేర్‌బాక్స్ జోలికి వెళ్లకూడదు.

వెనక చక్రాలు లాగే బళ్లలో, అంటే ఇన్నోవా క్రిస్టా లాంటివాటిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. దాని క్రాస్ అరిగితే, జారే భాగంలో గ్రీజు ఎండిపోతే, బండి ఆగేటప్పుడూ కదిలేటప్పుడూ కింద 'టక్' మంటుంది. నిపుల్ ఉన్న షాఫ్ట్‌కు గ్రీజు కొట్టి చూడటం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. ముందు చక్రాల బళ్లకు యాక్సిల్ జాయింట్లు.

5. ఆయిల్‌కు మూడు ప్రశ్నలు: ఎంత ఉంది, ఏది పోశారు, ఎలా ఉంది

తక్కువ ఉంటే పంపు గాలి పీలుస్తుంది. 'డి'లో పెట్టాక కాసేపు ఏమీ జరగదు, తర్వాత దెబ్బ కొట్టినట్టు గేరు పడుతుంది. ఎక్కువైనా మంచిది కాదు. తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురుగు చేస్తాయి, నురుగుకు ప్రెజరు నిలవదు. అందుకని సరిగ్గా కొలవడం ముఖ్యం, కొలిచే పద్ధతి బండికో రకం. ఎక్కువ బళ్లకు ఇంజన్ వేడెక్కాక, నడుస్తుండగా, సమతలం మీద 'పి'లో కొలవాలి. హోండా పాత ఆటోమేటిక్‌లకు అలా కాదు. వేడెక్కించి, ఇంజన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల మధ్య కొలవాలి. కొత్తవాటిలో అసలు డిప్‌స్టిక్కే ఉండదు. కింద ఒక ప్లగ్ ఉంటుంది. ఆయిల్ కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడు ఆ ప్లగ్ తీస్తే సన్నగా కారి ఆగాలి. స్కానర్‌తో ఆయిల్ ఉష్ణోగ్రత చూడకుండా ఈ పని చేస్తే ఎక్కువో తక్కువో అయితీరుతుంది. మే నెలలో విజయవాడ ఎండకు ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఆయిల్ వెచ్చగా ఉంటుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఏ ఆయిల్ అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఆటోమేటిక్ ఆయిల్‌లో ప్లేట్లు ఎలా పట్టుకోవాలో నిర్ణయించే మందులు కలుపుతారు. ఒకప్పుడు అమెరికాలో ఆ మందు స్పెర్మ్ తిమింగలం నూనె. 1970ల మొదట్లో ఆ నూనె వాడకాన్ని నిషేధించాక కంపెనీలు కొత్త రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఫోర్డ్ పాత బళ్లకు వాడిన టైప్ ఎఫ్ ఆయిల్‌లో ఈ జారుడు మందు ఉండేది కాదు, దాంతో గేర్లు గట్టిగా పడేవి. జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్‌లో ఉండేది, మెత్తగా పడేవి. ఎర్రగా ఉంది కదా అని ఒకదాని బదులు ఇంకోటి పోస్తే గేరు తీరు మారిపోతుంది. ఇవాళ హోండాకు డీడబ్ల్యూ-1, టొయోటాకు డబ్ల్యూఎస్, హ్యుందాయ్‌కి ఎస్పీ-4, ఇలా దేని స్పెసిఫికేషన్ దానికి. బెల్టుతో నడిచే సీవీటీకి సీవీటీ ఆయిలే పోయాలి, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు, పుల్లీలు పాడవుతాయి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో మీ బండి స్పెసిఫికేషన్ పేరు ఉందా అని చదవండి. షాపువాడు 'అన్నిటికీ సరిపోతుంది' అన్నది చాలదు.

ఎలా ఉంది? తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేసి చూడండి, వాసన చూడండి. నల్లబడి మాడు కంపు కొడితే ప్లేట్లు కాలుతున్నాయి. కింది ఆయిల్ ఛాంబర్ విప్పితే లోపలి అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉండటం మామూలే. మెరిసే రేకుల్లాంటి ముక్కలు ఉంటే మామూలు కాదు.

"కంపెనీవాళ్లు జీవితాంతం మార్చక్కర్లేదన్నారండీ" అంటారు. ఆ మాట నమ్మకూడదనడానికి మంచి ఉదాహరణ జెడ్‌ఎఫ్. ఎన్నో జర్మన్ కార్లకు గేర్‌బాక్సులు చేసే ఆ సంస్థే తన పెట్టెల ఆయిల్‌ను వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. మన ఎండలో, మన ట్రాఫిక్‌లో ఇంకా ముందు మార్చడమే మంచిదని నా అభిప్రాయం. ఒకసారి వదిలితే మొత్తం రాదు, చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే వదిలి, పోసి, కొంత తిప్పి, మళ్లీ వదిలి పోయాలి. ప్రెజర్ మెషిన్ పెట్టి ఒక్కసారిగా కడిగించడం, ముఖ్యంగా ఎప్పుడూ ఆయిల్ మార్చని పాత బండికి, నాకు ఇష్టం ఉండదు. ఎక్కడో కూర్చున్న మురికి లేచి వాల్వుల్లో ఇరుక్కుంటుంది. ఆయిల్ మార్చాక గేరు జారడం మొదలైందని కొత్త ఆయిల్‌ను తిడతారు కొందరు. ఆ ప్లేట్లు అప్పటికే అరిగిపోయి ఉంటాయి. మారుస్తున్నప్పుడే ఆయిల్ రంగు చూపించి యజమానికి ఆ మాట ముందే చెప్పాలి.

6. పాత బండిలో గాలి పైపు, కేబుల్

ఈ పాఠం పాతకార్లు దాచుకున్నవాళ్లకు. కంప్యూటర్ రాకముందు, ఇంజన్ ఎంత బరువు లాగుతోందో గేర్‌బాక్స్‌కు తెలియజేసేది వ్యాక్యూమ్. టర్బో హైడ్రామాటిక్ 350, 400, ఫోర్డ్ సీ4, సీ6 పెట్టెల పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది, అదే వ్యాక్యూమ్ మాడ్యులేటర్. ఇంజన్ ఇన్‌టేక్ నుంచి సన్న పైపు దానికి వస్తుంది. యాక్సిలరేటర్ తక్కువ తొక్కితే వ్యాక్యూమ్ ఎక్కువ, ప్రెజరు తక్కువ, గేరు మెత్తగా. పూర్తిగా తొక్కితే వ్యాక్యూమ్ పోతుంది, ప్రెజరు పెరుగుతుంది, గేరు గట్టిగా, ఆలస్యంగా. ఇప్పుడు ఆ రబ్బరు పైపు ఎండకు పగిలిందనుకోండి. నెమ్మదిగా పోతున్నా గేర్‌బాక్స్‌కు మాత్రం డ్రైవర్ పూర్తిగా తొక్కేసినట్టే తెలుస్తుంది. ప్రతి గేరూ తన్నుతుంది. కువైట్ ఎండలో రబ్బరు ఎంతకాలం ఉంటుంది? అక్కడ మేం మొదట చేసే పని ఆ పైపు చివర గేజ్ పెట్టడమే. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల దాకా చూపాలి. ఇంజన్ దగ్గర కొలిస్తే సరిపోదు, మాడ్యులేటర్ చివర కొలవాలి. మధ్యలోనే కదా లీకు.

పైపు తీసినప్పుడు లోపల ఆయిల్ తడి కనిపిస్తే మాడ్యులేటర్ డయాఫ్రమ్ చిరిగింది. ఇంజన్ గేర్‌బాక్స్ ఆయిల్ తాగుతోంది. సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది, బయట ఎక్కడా కారదు. పిస్టన్ రింగులు పోయాయని ఇంజన్ విప్పే ముందు ఈ పైపు చూడండి.

ఆ కాలపు మెర్సిడెస్ డీజిళ్ల కథ ఇంకోటి. డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు ఇంజన్‌లా వ్యాక్యూమ్ పుట్టదు, అందుకని విడిగా పంపు పెట్టారు. బ్రేకులకూ, డోర్ లాకులకూ, ఇంజన్ ఆపడానికీ, గేర్‌బాక్స్‌కూ అదే దిక్కు. దశాబ్దాలు గడిచి ఏదో ఒక డోర్ లాక్ రబ్బరు చిరిగితే గేరు తన్నడం మొదలవుతుంది. గొట్టాలు ఒక్కొక్కటీ మూసి చూసుకుంటూ పోవడం తప్ప వేరే దారి లేదు, ఓపిక కావాలి.

మాడ్యులేటర్లు కొన్నిటిలో లోపల స్క్రూ ఉంటుంది. తిప్పితే ప్రెజరు పెరుగుతుంది, తగ్గుతుంది. లీకులన్నీ పోయి, ఆయిల్ సరిగ్గా ఉండి, గేజ్ పెట్టి చూసి, అప్పుడు ఒక్క చుట్టు. అంతకుమించి తిప్పేవాడు ప్లేట్ల ఆయుష్షు అమ్ముకుంటున్నాడు. కాప్రీస్‌లో వచ్చిన 700ఆర్4 పెట్టెకు మాడ్యులేటర్ బదులు టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే తీగ అది. వదులు చేస్తే గేర్లు త్వరత్వరగా, వెన్నలా పడతాయి. మూడు-నాలుగు క్లచ్ కాలిపోతుంది. ఆ కేబుల్ సరిగ్గా పెట్టడం తెలియని షెడ్డుకు ఆ బండి పంపకూడదు.

7. కొన్నిసార్లు తన్నుడే రక్షణ

కంప్యూటర్ బళ్లలో ప్రెజరును సోలెనాయిడ్ నడుపుతుంది. చాలా పెట్టెల్లో ఆ సోలెనాయిడ్‌కు కరెంటు ఆగిపోతే ప్రెజరు పూర్తిగా పెరిగేలా కట్టారు. ఎందుకంటే వైరు తెగినా ప్లేట్లు జారి మాడకూడదు. ఏదో సెన్సార్ పోయి కంప్యూటర్‌కు అనుమానం వచ్చినా అంతే: ఒకే గేరులో ఉండిపోయి, గట్టిగా పట్టుకుని, బండిని ఇంటికి చేర్చేలా చేస్తుంది. డాష్‌బోర్డ్ మీద లైటు వెలిగి, గేర్లు తన్నుతున్నాయంటే గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకుంటోంది. అప్పుడు ఆ ప్రెజరును బలవంతంగా తగ్గించే ప్రయత్నం చేయడం కన్నా పెద్ద తప్పు లేదు.

స్కానర్ పెట్టండి. కోడ్‌లో సోలెనాయిడ్ పేరు రాగానే కొత్తది ఆర్డర్ పెట్టకండి. బ్యాటరీ టెర్మినల్ తుప్పు, బాడీ ఎర్త్ వైరు, కనెక్టర్ పిన్నులు చూడండి. సోలెనాయిడ్ రెసిస్టెన్స్ మీటరుతో కొలవండి, చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి. కొన్ని జర్మన్ పెట్టెల్లో కనెక్టర్ సీలు చెడితే ఆయిల్ వైరింగ్ లోపలినుంచే పాకి కంప్యూటర్ దాకా వెళ్తుంది. ప్లగ్ ఊడదీసి వేలితో తుడిచి చూస్తే తెలుస్తుంది. థ్రాటిల్ సెన్సార్ తప్పు చెబితే, ఇన్‌పుట్, అవుట్‌పుట్ స్పీడ్ సెన్సార్లు తడబడితే గేరు తప్పు సమయంలో పడుతుంది. వర్షాకాలంలో నీళ్లలో నడిపిన బండికి ముందు చూడాల్సింది ఇవే.

8. వాల్వ్ బాడీ విప్పితే

ఇది చేయి తిరిగినవాళ్ల పని. అయినా కుర్రాళ్లు నేర్చుకోవాలి. గేర్‌బాక్స్ మొత్తం దించకుండానే, కింద ఛాంబర్ తీసి చాలా పెట్టెల్లో వాల్వ్ బాడీ దించవచ్చు. అది అల్యూమినియం దిమ్మ, లోపల చీమల పుట్టలా దారులు. ఆ దారుల్లో చిన్న గుళ్లు ఉంటాయి, చెక్ బాల్స్. దించేటప్పుడు ఒక్క గుండు దొర్లిపోయినా, తిరిగి వేరే గుంటలో పెట్టినా, బిగించాక గేరు కొత్తగా తన్నుతుంది. 'అంతకుముందు బాగుంది, ఇక్కడ చేయించాకే' అని యజమాని అంటే ఆ గుళ్ల దగ్గరికే వెళ్లాలి. విప్పేటప్పుడు ఫొటో తీయడం ఇప్పటి కుర్రాళ్లకు దొరికిన అదృష్టం, వాడుకోండి.

గుండు జారిపోకుండా అంటించడానికి వాసెలిన్ వాడాలి, గ్రీజు వద్దు. వాసెలిన్ వేడి ఆయిల్‌లో కరిగిపోతుంది, గ్రీజు కరగక సన్న రంధ్రాల్లో కూర్చుంటుంది. కాటన్ వేస్ట్‌తో తుడవకూడదు. ఒక్క నూలుపోగు చాలు వాల్వ్ ఇరుక్కోవడానికి. కిరోసిన్‌లో కడిగి, గాలి కొట్టి ఆరనిచ్చి, కొత్త ఆయిల్‌లో ముంచి పెట్టాలి. ప్రతి వాల్వూ దాని గూటిలో సొంత బరువుతో జారాలి, వేలితో తోస్తేనే కదిలేదాన్ని ఒప్పుకోకూడదు. అక్యుములేటర్ పిస్టన్ మీద సీలు, పగుళ్లు, స్ప్రింగ్ విరిగిందా అన్నది చూడండి. ఒక్క గేరుకే తన్నే బళ్లలో ఎక్కువగా దొరికేది ఇక్కడే. బోల్టులు టార్క్ రెంచ్‌తోనే, లోపలినుంచి బయటికి. చేతి అంచనాతో బిగిస్తే దిమ్మ వంగి వాల్వులు పట్టేస్తాయి.

9. పేరు ఆటోమేటిక్ అయినా లోపల వేరు

2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో ఏఎంటీలు మొదలయ్యాయి. అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనీ గేరు వేసే పనీ ఒక యంత్రం చేస్తుంది. గేరు మారే క్షణంలో చక్రాలకు శక్తి ఆగుతుంది. అందుకే తల ముందుకు ఊగుతుంది. ఇది దాని స్వభావం, టార్క్ కన్వర్టర్ బండిలా ఎన్నటికీ కాదు. కానీ డ్రైవర్ చేయగలిగింది చాలా ఉంది. గేరు మారే వేగం నాలుగు రోజుల్లో మీకే తెలుస్తుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలిస్తే ఊపు సగం పోతుంది. ఓవర్‌టేక్ చేసేముందు మాన్యువల్ మోడ్‌లో మీరే గేరు దించుకోండి. ఫ్లైఓవర్ మీద ఆగినప్పుడు బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టడం మహాపాపం, క్లచ్ కాలుతుంది. బ్రేకు తొక్కి ఉంచండి. కొన్నేళ్లకు క్లచ్ అరిగి పట్టే చోటు మారుతుంది, అప్పుడు స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ చేయిస్తే మళ్లీ దారికొస్తుంది.

డీసీటీలో క్లచ్‌లు రెండు. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్న ఏడు గేర్ల పెట్టెలో అవి పొడి క్లచ్‌లు. హైవే మీద అంత సాఫీగా ఏదీ ఉండదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే మాత్రం హాఫ్ క్లచ్‌లో వేడెక్కి అదురుతుంది. ముందు బండికి కాస్త దూరం వదిలి, ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. సీవీటీలో మెట్లలాంటి గేర్లు లేవు గనుక తన్నడం ఉండకూడదు. వణుకు వస్తే ఆయిలో, బెల్టో. నడుపుతూ వాయిదా వేయకండి.

10. రిపేరు తర్వాత బండికి నేర్పాలి

కంప్యూటర్ బండి ప్లేట్ల అరుగుదలను లెక్కపెట్టుకుంటూ ప్రెజరును సర్దుకుంటూ ఉంటుంది. వాల్వ్ బాడీ మార్చినా, కొత్త ఆయిల్ పోసినా ఆ పాత లెక్క తప్పవుతుంది. కొన్ని బళ్లలో బ్యాటరీ తీసినా లెక్క చెరిగిపోతుంది. అందుకే పని అయిన మొదటి రోజు గేరు ఇంకా తన్నితే వెంటనే మళ్లీ విప్పకండి. స్కానర్‌తో ఆ పాత లెక్కను, అంటే అడాప్టేషన్‌ను చెరిపి, కంపెనీ చెప్పిన పద్ధతి ఉంటే అది చేయండి. లేకపోతే ఆయిల్ పూర్తిగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా, ఒకే తీరుగా తొక్కుతూ అన్ని గేర్లూ ఎక్కనివ్వండి, బ్రేకు గట్టిగా వేయకుండా దొర్లుతూ ఆగండి, మళ్లీ మొదలుపెట్టండి. మేము విజయవాడలో చేసిన బళ్లను పొద్దున్నే హైదరాబాద్ హైవే మీదికి తీసుకెళ్తాం. ట్రాఫిక్‌లో ఆగుతూ పోతే ఆ పాఠం దానికి ఎక్కదు.

తిరిగొచ్చాక కింద దీపం పెట్టి లీకులు చూసి, ఆయిల్ మట్టం ఇంకోసారి కొలవండి. తర్వాత యజమానిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, మీరు పక్క సీట్లో కూర్చోండి. ఆయన కాలు తీరు వేరు, మీ కాలు తీరు వేరు. బండి నడవాల్సింది ఆయనతో. చివరగా ఒక కాగితం మీద ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ భాగం మార్చారు, అడాప్టేషన్ చెరిపారా లేదా అన్నది రాసి గ్లవ్‌బాక్సులో పెట్టండి. రేపు ఆ బండి ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్ చేతికి వెళ్తే, అతను మొదట అడగబోయే ప్రశ్నలు ఇవే.